ట్రైయాంగ్లిమీన్: కైరల్ వలయం ఒకే ఫ్లాస్క్‌లో

పెద్ద వలయ అణువు కట్టాలంటే మామూలుగా ద్రావణాన్ని బాగా పల్చన చేయాలి. లేకపోతే కొసలు మూసుకోక గొలుసులు సాగిపోతాయి. ట్రైయాంగ్లిమీన్‌కి ఆ బెడద లేదు. (1ఆర్,2ఆర్)-డైఅమినోసైక్లోహెక్సేన్ అనే డైఅమీన్ (కైరల్, అంటే అద్దంలోని ప్రతిబింబంతో సరిపోలని అణువు), టెరెఫ్తాలాల్డిహైడ్ అనే ఆల్డిహైడ్ మూడేసి కలిసి, ఆరు ఇమీన్ బంధాలతో (కార్బన్-నైట్రోజన్ ద్విబంధాలు) వాటంతటవే త్రిభుజంగా మూసుకుంటాయి. తప్పుగా కట్టుకున్న ఇమీన్ విడిపోయి మళ్లీ సర్దుకుంటుంది. బరంపురం, పర్లాకిమిడి పీజీ ల్యాబుల్లోనూ చేయదగ్గ పని ఇది.

అసలు సంగతంతా డైఅమీన్ శుద్ధిలో ఉంది. రెసిమిక్‌ది (రెండు ప్రతిబింబ రూపాలూ సమానంగా కలిసినది) వాడితే ఆర్,ఆర్ ముక్కలూ, వాటి ప్రతిబింబాలైన ఎస్,ఎస్ ముక్కలూ ఒకే వలయంలో చేరి మిశ్రమం మిగులుతుంది. ఎల్-(+)-టార్టారిక్ ఆమ్లంతో చేసిన ఆర్,ఆర్ లవణం కొనండి, లేదా చేసుకోండి. (కొరాపుట్ సంతలో దొరికే చింతపండులో ఉన్నదీ ఈ ఆమ్లమే. అలాగని పులుసు పిండుతూ కూర్చోకండి.) లవణం సీసాలో నిలవ ఉంటుంది. విడి డైఅమీన్ మాత్రం గాలిలోని తేమ, కార్బన్ డయాక్సైడ్ పీల్చి తెల్లగా పెచ్చు కడుతుంది, చర్మాన్నీ కాలుస్తుంది. అందుకే ఏ రోజుది ఆ రోజే విడదీయాలి.

2.64 గ్రాముల లవణాన్ని (10 మిల్లీమోల్) 10 మి.లీ. నీటిలో కలిపి, చల్లబరుస్తూ 2.2 గ్రాముల పొటాషియం హైడ్రాక్సైడ్ వేయండి. డైఅమీన్ నీటిని వదలదు. కాబట్టి ఉప్పుతో సంతృప్తం చేసి, 15 మి.లీ. చొప్పున డైక్లోరోమీథేన్‌తో నాలుగుసార్లు తీయండి. సోడియం సల్ఫేట్‌తో ఆరబెట్టి, వాక్యూమ్ తక్కువగా పెట్టి ద్రావణిని తీసేయండి, ఎక్కువైతే డైఅమీన్ కూడా పోతుంది. డైక్లోరోమీథేన్‌లో దాన్ని రాత్రంతా వదిలేయకండి, ద్రావణితోనే నెమ్మదిగా చర్య జరుపుతుంది.

ఇప్పుడు తూకం. వచ్చిన డైఅమీన్ బరువును 1.175తో గుణిస్తే కావాల్సిన ఆల్డిహైడ్ బరువు వస్తుంది. తీయడంలో కొంత డైఅమీన్ పోయి ఉంటుంది, కాబట్టి లవణం లెక్కనే నమ్మి 1.34 గ్రాములు వేసేస్తే ఆల్డిహైడ్ మిగిలి, కొసలు తెరుచుకున్న గొలుసులు వస్తాయి. రెండింటినీ 50 మి.లీ. తాజా డైక్లోరోమీథేన్‌లో కలిపి, మూతపెట్టి, గది ఉష్ణోగ్రతలో రాత్రంతా తిప్పండి. ఆ ద్రావణి 40 డిగ్రీలకే మరుగుతుంది. మే నెలలో మధ్యాహ్నం మొదలుపెట్టకపోవడం మేలు.

ప్రోటాన్ ఎన్‌ఎంఆర్‌లో (అణువులోని హైడ్రోజన్లను చూపే పరీక్ష) 10.1 పీపీఎం దగ్గరి ఆల్డిహైడ్ శిఖరం పోయి 8.2 దగ్గర ఇమీన్‌ది కనిపించాలి. మాస్ స్పెక్ట్రమ్‌లో (అణువు బరువు చూపే పరీక్ష) ఒక ప్రోటాన్ చేరిన అణువుకు 637 రావాలి. సిలికా కాలమ్ జోలికి వెళ్లొద్దు, ఇమీన్ విడిపోతుంది. ఎన్‌ఎంఆర్‌కి వాడే ద్రావణి, పాత డ్యుటెరియో క్లోరోఫామ్‌లోని ఆమ్లమూ అదే పని చేస్తుంది, పొటాషియం కార్బొనేట్ మీదుగా వడకట్టి వాడండి.

సోడియం బోరోహైడ్రైడ్‌తో టీహెచ్‌ఎఫ్ (టెట్రాహైడ్రోఫ్యూరాన్)-మిథనాల్‌లో క్షయకరిస్తే (ఇమీన్లకు హైడ్రోజన్ చేర్చితే) గట్టి ట్రైయాంగ్లమీన్ వస్తుంది. హైడ్రోజన్ పొంగుతుంది కాబట్టి కొద్దికొద్దిగా వేయండి. జింక్‌తో కలిపి కీటోన్ల హైడ్రోసిలైలేషన్‌లో (సిలికాన్-హైడ్రోజన్ బంధాన్ని చేర్చే చర్య) దీన్ని లిగాండ్‌గా (లోహాన్ని పట్టుకునే అణువు) వాడతారు. సెకండరీ ఆల్కహాల్‌లో ఏ ప్రతిబింబ రూపం ఎంత ఉందో ఎన్‌ఎంఆర్‌లో తేల్చడానికీ పనికొస్తుంది. ముందు రెసిమిక్ ఆల్కహాల్‌తో శిఖరం రెండుగా చీలుతోందో లేదో చూశాకే మీ నమూనా పెట్టండి.