అనులేఖనం (డీఎన్‌ఏ చూసి ఆర్‌ఎన్‌ఏ రాయడం) ఎక్కడ ఆగుతుంది? 7వ పాఠం: లాంబ్డా ఫేజ్, రైబోజోమ్

జన్యువు మధ్యలో స్టాప్ కోడాన్ (ప్రోటీన్ తయారీ ఇక్కడితో ఆపమనే మూడక్షరాల గుర్తు) పడితే ఏమవుతుందన్న పోయిన పాఠం అభ్యాసానికి జవాబులు పంపినవాళ్లలో ఎక్కువమంది ఒకే గోతిలో పడ్డారు: "స్టాప్ కోడాన్ రాగానే ఆర్‌ఎన్‌ఏ తయారీ ఆగిపోతుంది" అని రాశారు. ఇది తేలకుండా ముందుకెళ్తే ఈ పాఠం వృథా.

స్టాప్ కోడాన్‌ను చదివేది రైబోజోమ్, అంటే ఆర్‌ఎన్‌ఏను చదివి ప్రోటీన్ తయారుచేసే యంత్రం (ఆ పనే అనువాదం). ఆర్‌ఎన్‌ఏను రాసే ఎంజైమ్ పాలిమరేజ్‌కు యూఏజీ అనే స్టాప్ కోడాన్ కూడా మామూలు అక్షరాలే, రాసుకుంటూ పోతుంది. మరి జన్యువు మధ్యలో స్టాప్ పడితే దాని తరవాతి జన్యువుల ఆర్‌ఎన్‌ఏ ఎందుకు తగ్గుతుంది? బాక్టీరియాలో పాలిమరేజ్ వెనకాలే రైబోజోమ్ నడుస్తుంది. సాయంత్రం ఆరింటికి హబ్సిగూడ నుంచి ఉప్పల్ వైపు బస్సు వెనక బస్సు ఆనుకుని పోతుంటే మధ్యలో బైకు దూరగలదా? వెనక బస్సు ఆగిపోతే దూరుతుంది. రైబోజోమ్ దిగిపోయాక బయటపడ్డ ఆర్‌ఎన్‌ఏలో సి ఎక్కువ, జి తక్కువ ఉన్న చోటును రో ప్రోటీన్ పట్టుకుంటుంది, ఏటీపీ ఖర్చుపెట్టి ముందుకు లాక్కుంటూ వెళ్లి పాలిమరేజ్‌ను విడదీస్తుంది. ఆపింది రో. స్టాప్ కోడాన్ దానికి దారి ఇచ్చింది. ఈ రెండు మాటలూ నోట్‌బుక్‌లో వేరువేరు గడుల్లో రాయండి. నేనైతే బొమ్మలో ముందు రైబోజోమ్ చివరి అడుగు గుర్తుపెట్టుకుంటాను, రో సంగతి తరవాతే చూస్తాను.

రోను 1969లో జెఫ్రీ రాబర్ట్స్ లాంబ్డా అనే ఫేజ్ (బాక్టీరియాకు సోకే వైరస్) డీఎన్‌ఏతోనే పట్టుకున్నారు. మన ఉప్పల్‌లోని పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీలో కూడా రో మీద, దాన్ని అడ్డుకునే పీ4 ఫేజ్ ప్రోటీన్ 'పీఎస్‌యూ' మీద లోతైన పని జరిగింది.

ఇక లాంబ్డా. ఈ.కోలై బాక్టీరియాలో చేరాక తొలి జన్యువులైన ఎన్, క్రో దాటగానే అనులేఖనం చాలావరకు రో చేతిలో ఆగిపోతుంది. ఎన్ ప్రోటీన్ తయారయ్యాక, ఆర్‌ఎన్‌ఏలో 'నట్' అనే చోట కూర్చుని బాక్టీరియాకు చెందిన నస్ ప్రోటీన్లతో కలిసి పాలిమరేజ్‌ను మార్చేస్తుంది. ఆ తరవాత పాలిమరేజ్ టెర్మినేటర్లను (అనులేఖనం ఆగే చోట్లను) దాటుకుంటూ పోతుంది. ఆ నస్ ప్రోటీన్లలో ఒకటి రైబోజోమ్‌లోని ఎస్10 ప్రోటీనే అని తెలిసినప్పుడు నేను చాలాసేపు పుస్తకం మూయలేకపోయాను.

కుడివైపు నట్ క్రో జన్యువు ముగిసిన వెంటనే ఉంటుంది. క్రో స్టాప్‌ను పోగొట్టి రైబోజోమ్‌ను నట్ మీదుగా నడిపిస్తే ఎన్ పని చెడుతుంది. రో నుంచి కాపాడే అనువాదమే ఇక్కడ ఎన్‌కు అడ్డు.

అభ్యాసం: నట్ తరవాత రో అక్కర్లేని టెర్మినేటర్ ఒకటి ఉందనుకోండి. ఎన్ ఉన్నా లేకున్నా, క్రో స్టాప్ నట్‌కు ముందున్నా తరవాతున్నా, రో మామూలుదైనా పని చెడి మొద్దుబారినదైనా, ఎనిమిది సందర్భాలు. ఒక్కోదానిలో ఆ టెర్మినేటర్ అవతల ఆర్‌ఎన్‌ఏ వస్తుందా, రాకపోతే ఆపింది ఏది? కారణం లేని జవాబు దిద్దను.