టైమింగ్ చైన్ మార్చడం – 3వ పాఠం: గుర్తులు కలపడం

ఇంజన్‌లో పిస్టన్లు తిప్పే క్రాంక్‌నీ, వాల్వులు తెరిచే క్యామ్‌లనీ జతగా తిప్పేది టైమింగ్ చైన్. కిందటి పాఠంలో బెల్టు, క్రాంక్ పుల్లీ, ముందు కవర్ విప్పి ఆపాం. ఇప్పుడు చైన్ ఎదురుగా కనిపిస్తోంది కదా అని వెంటనే, చైన్‌ని బిగుతుగా ఉంచే టెన్షనర్ బోల్టుకి స్పానర్ వెయ్యకండి. ఈ పనిలో ఇంజన్ బతికేదీ పోయేదీ ఈ పాఠంలోనే.

ముందు స్పార్క్ ప్లగ్గులు నాలుగూ తీసేయండి, చేత్తో తిప్పడం తేలికవుతుంది. పుల్లీతో పాటు విప్పిన పాత క్రాంక్ బోల్టుని తిరిగి పెట్టి, దానికి రెంచ్ వేసి, ఇంజన్ మామూలుగా తిరిగే వైపే తిప్పుతూ మొదటి సిలిండర్‌ను టీడీసీకి, అంటే పిస్టన్ పూర్తిగా పైకొచ్చే చోటుకి తీసుకురండి. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టే తిరుగుతుంది. కాబట్టి పిస్టన్ పైకి రావడం రెండుసార్లు జరుగుతుంది. మనకి కావాల్సింది కంప్రెషన్ వేళ, అంటే లోపలి గాలిని నొక్కుతూ పైకొచ్చినది. అప్పుడు మొదటి సిలిండర్ వాల్వులన్నీ మూసుకుని ఉంటాయి, క్యామ్ ముక్కులు వాటిని నొక్కవు. క్రాంక్, క్యామ్ పళ్ళ చక్రాల మీద కలవాల్సిన గుర్తులు కాస్త దాటిపోతే వెనక్కి తిప్పకండి. చైన్ వదులై పన్ను జారొచ్చు. మళ్ళీ రెండు చుట్లు ముందుకే తిప్పి రండి.

గుర్తులు కుదిరాక ఫొటో తీసుకోండి. పళ్ళ మీదా, పాత చైన్ లింకుల మీదా తెల్ల పెయింట్ చుక్కలు పెట్టండి. క్యామ్‌లకు అవి కదలకుండా పట్టి ఉంచే లాకింగ్ టూల్ వేశాకే టెన్షనర్ విప్పాలి.

తీసిన చైన్‌ని కొత్తదాని పక్కన వేలాడదీసి చూడండి. పాతది కొంచెం పొడుగ్గా కనిపిస్తుంది. ఇనుము సాగి కాదు, ప్రతి పిన్నూ బుష్షూ వెంట్రుకవాసి అరిగి, అవన్నీ కలిసి. మీటర్‌లో కిలోమీటర్లు చూసి మాత్రమే దీన్ని అంచనా వెయ్యలేం. ఊళ్ళోంచి పక్కనున్న అమలాపురం దాకా వెళ్ళి, ఇంజన్ సరిగ్గా వేడెక్కకుండానే ఆపేసే బండిలో పెట్రోలూ తేమా ఆయిల్‌లో కలుస్తాయి. ఆ పలచబడిన ఆయిలే పిన్నుల్ని తినేస్తుంది. రావులపాలెం నుంచి హైవే మీద నడిచే బండి చైన్‌కి అంత కష్టం ఉండదు. టర్బో బండి అయితే కంపెనీ చెప్పిన గడువు కంటే ముందే ఆయిల్ మార్చమని నేను గట్టిగా చెప్తాను.

చైన్ పక్కకి పోకుండా ఆనుకుని ఉండే గైడ్ల ప్లాస్టిక్ విరిగి ఉంటే ఆ ముక్కలు ఆయిల్ చాంబర్‌లో ఉంటాయి, అది విప్పి తీరాలి. చైన్ ఒక్కటే మార్చి పాత గైడ్లు, పాత టెన్షనర్ ఉంచడం డబ్బు దండగ.

కొత్త చైన్‌లో రంగు లింకులు ఉంటాయి. వాటిని క్రాంక్, క్యామ్ పళ్ళ గుర్తులకి ఎదురుగా కూర్చోబెట్టండి. కదలని గైడ్ వైపు చైన్ బిగుతుగా ఉండాలి, వదులంతా టెన్షనర్ వైపే మిగలాలి. చైన్‌కి ఆయిల్ రాసి, టెన్షనర్ బిగించి, అప్పుడు దాన్ని ఆపి ఉంచిన పిన్ను లాగండి. టెన్షనర్‌లోని చిన్న పిస్టన్ బయటికొచ్చి గైడ్‌ని నొక్కడం కంటికే కనిపిస్తుంది.

ఇక లాకింగ్ టూల్ తీసేసి, చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. మధ్యలో గట్టిగా తగిలితే ఆపేయాలి, బలవంతం వద్దు. పిస్టన్ వాల్వుని తాకుతోందేమో చూసుకోవాలి. చాలా ఇంజన్లలో పన్ను తేడా వస్తే అవి ఢీకొంటాయి, సెల్ఫ్ కొడితే వాల్వులు వంగిపోతాయి. రెండు చుట్ల తర్వాత రంగు లింకులు గుర్తుల దగ్గర ఉండవు. దానికి కంగారు పడక్కర్లేదు. క్రాంక్, క్యామ్ పళ్ళ మీది గుర్తులు కలిశాయా అన్నదే లెక్క.

ఆడి ఆర్ఎస్4 కారులో వచ్చిన 4.2 లీటర్ల వీ8 లాంటి ఇంజన్లలో చైన్లు గేర్‌బాక్స్ వైపు ఉంటాయి. వాటికి ఈ పద్ధతి ఇంట్లో పనికిరాదు, ఇంజన్ దించే సౌకర్యం కావాలి.

పని మధ్యలో రాత్రి ఆపాల్సి వస్తే విప్పిన భాగాలకి ఆయిల్ పూసి గుడ్డ కప్పండి. రొయ్యల చెరువుల పక్కన ఉండేవాళ్ళు తప్పకుండా ఈ పని చెయ్యాలి, ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది.

4వ పాఠానికి కొత్త క్రాంక్ బోల్టు, ముందు కవర్ సీలెంట్, బిగింపు కొలిచే టార్క్ రెంచ్ సిద్ధం చేసుకోండి. ఒకసారి సాగదీసి బిగించే రకం బోల్టుని మళ్ళీ వాడకూడదు.