బీడులో పొట్టి చెవుల గుడ్లగూబను చూడటం ఎలా?

గుడ్లగూబ అనగానే చాలామందికి మర్రితొర్ర, అర్ధరాత్రి గుర్తొస్తాయి. పొట్టి చెవుల గుడ్లగూబకు ఆ రెండూ అక్కర్లేదు. పగలు గడ్డిలో నేల మీదే పడుకుంటుంది, పొద్దు వాలకముందే వేటకు లేస్తుంది. ఓపిక ఉంటే మామూలు బైనాక్యులర్స్‌తోనే చూడొచ్చు.

1. చలికాలంలో వెళ్లండి

ఉత్తరాది చల్లటి ప్రాంతాల్లో పిల్లల్ని పెంచి, చలికి మన దేశం వస్తుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి సమయం. గుజరాత్‌లోని కచ్ చిన్న రణ్, రాజస్థాన్‌లోని తాల్ ఛాపర్ దీనికి పేరున్న చోట్లు. తెలుగు నేల మీద అరుదే. అయినా నంద్యాల జిల్లా రోళ్లపాడు లాంటి గడ్డి మైదానాల మీద ఒక కన్నేసి ఉంచాలి. బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం చేసిన చోటు అది. చలికాలంలో హారియర్ గద్దలు రాత్రి దిగే గడ్డి కూడా. లోపలికి అటవీ శాఖ అనుమతితోనే వెళ్లాలి.

2. గడ్డిని చూసి చోటు ఎంచుకోండి

పశువులు పూర్తిగా మేసేసిన నేలలో దానికి దాక్కునే చాటు ఉండదు. చెట్లు కమ్ముకున్న చోట తక్కువ ఎత్తులో తిరుగుతూ వేటాడలేదు. దుబ్బులు దుబ్బులుగా గడ్డి పెరిగి, మధ్యమధ్యలో ఎలుక బొరియలున్న బయలు చూడండి. గొర్రెల కాపరి ఎదురైతే, "అన్నా, పగటిపూట గడ్డిలోంచి గుడ్లగూబ లేవడం చూశావా?" అని అడగండి. ఆ నేల మీద రోజూ నడిచేది ఆయనే.

3. సాయంత్రం గట్టు మీద కూర్చోండి

ఎండ వీపుకు తగిలేలా కూర్చుని, గడ్డి కొసలకు కాస్త పైన చూపు నిలపండి. హారియర్ కూడా అలాగే తక్కువ ఎత్తులో తిరుగుతుంది కాబట్టి మొదట్లో తికమక తప్పదు. హారియర్‌కు తోక పొడుగు, తల చిన్నది. గుడ్లగూబకు తోక పొట్టి, తల గుండ్రంగా మొద్దుగా ఉంటుంది. సీతాకోకచిలుకలా ఊగుతూ ఎగురుతుంది. రెక్క కింద మణికట్టు దగ్గర, అంటే రెక్క వంగే చోట, నల్ల మచ్చ కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. దగ్గరగా వస్తే పసుపు కళ్లు, వాటి చుట్టూ కాటుక పులిమినట్టు నల్లటి వలయాలు కనిపిస్తాయి. పేరులో ఉన్న 'చెవులు' నిజానికి ఈక కుచ్చులు, చాలాసార్లు కనపడవు. అసలు చెవులు ముఖం ఈకల వెనక ఉంటాయి. రెండూ ఒకే ఎత్తులో ఉండవు. అందుకే గడ్డి కింద ఎలుక కదిలిన చప్పుడు ఏ వైపు నుంచి, ఎంత కింద నుంచి వచ్చిందో పట్టేస్తుంది.

4. గడ్డిలోకి దిగకండి

ఎండిన గడ్డి రంగులో, ముదురు గీతలతో ఉంటుంది. ఆ రంగును నమ్ముకుని మీ కాలు దాదాపు తగిలేదాకా కదలదు. లేపితే కొంచెం దూరం ఎగిరి మళ్లీ నేలకే దిగుతుంది. ఫొటో కోసం వెంటపడి మళ్లీ మళ్లీ లేపితే పగటి విశ్రాంతి పోతుంది, గద్దల కంటా పడుతుంది. వాహనంతో గడ్డి తొక్కించడం, రాత్రి ఫ్లాష్ కొట్టడం అసలు వద్దు.

5. ఫొటో పెట్టండి, చోటు చెప్పకండి

మన దేశంలో గుడ్లగూబలను దొంగచాటుగా పట్టి అమ్మేవాళ్లున్నారు. అందుకే సోషల్ మీడియాలో జిల్లా పేరు చాలు, లొకేషన్ పెట్టొద్దు. ఆ బీడులో గుంతలు తీసి మొక్కలు నాటుతామని ఎవరైనా అంటే మాత్రం, పని మొదలుకాకముందే ఆ ఫొటోలు పంచాయతీకి, అటవీ అధికారులకు చూపించండి. మొక్కలకు ఇంకో చోటు దొరుకుతుంది. ఈ పక్షికి ఆ గడ్డే ఇల్లు.