సాయుధ పోరాటం మీద కాగితాలు ఎక్కడ వెతకాలి: నల్లగొండ, పాలమూరు పిల్లలకు

మా మేనకోడలు పీజీ ప్రాజెక్టుకు తెలంగాణ సాయుధ పోరాటం తీసుకుంది. వారం రోజులు ఫోన్‌లో ఆ మూడు మాటలే కొట్టి కొట్టి విసిగిపోయింది. వచ్చినవన్నీ ఒకదాన్ని చూసి ఒకటి రాసినవే, సగం గ్రూప్స్ కోచింగ్ నోట్సులు. "మామా, అసలు కాగితాలే లేవా?" అని అడిగింది. ఉన్నాయి, బోలెడన్ని. కాకపోతే ఆ పేరు మీద లేవు.

1946 నుంచి 51 దాకా మన దగ్గర జరిగింది ఒక రకంగా అంతర్యుద్ధమే. ఒకే ఊళ్లో సంఘపోళ్లు (అంటే ఆంధ్ర మహాసభ, కమ్యూనిస్టులు), దొర మనుషులు, నిజాం వైపు రజాకార్లు, తర్వాత యూనియన్ మిలిటరీ, ఎవరికి వాళ్లు దానికొక పేరు పెట్టుకున్నారు, కాగితాల మీదా ఆ పేరే రాసుకున్నారు. ఢిల్లీ ఫైళ్లలో అది "కమ్యూనిస్టుల కార్యకలాపాలు", లేదంటే ఉత్త "శాంతిభద్రతలు". ఊళ్లో పెద్దమనిషిని పట్టుకుని "తాతా, సాయుధ పోరాటం గురించి చెప్పు" అంటే మన ముఖం చూస్తాడు, అదే "సంఘం రోజులు" అనో "రజాకార్ల టైమ్" అనో అడగండి, చాయ్ చల్లారిపోయేదాకా ఆపడు. అందుకని వెతికే ముందు ఒక కాగితం మీద ఎవరెవరు ఏ పేరుతో పిలిచారో రాసుకోండి. గుత్పల సంఘం, ఆంధ్ర మహాసభ, పోలీస్ యాక్షన్ (1948లో యూనియన్ సైన్యం దిగడం), ఇత్తెహాదుల్ ముస్లిమీన్ (రజాకార్ల వెనక ఉన్న పార్టీ), ఇట్లా ఒక పది మాటలు అవుతాయి.

ఊర్ల పేర్లతోనూ ఇదే తిప్పలు. పోరాటంలో తొలి అమరుడు దొడ్డి కొమరయ్య 1946 జులై 4న కడవెండిలో చనిపోయాడు. కడవెండి ఇప్పుడు జనగామ జిల్లాలో ఉంది, మధ్యలో చాలా ఏళ్లు వరంగల్‌లో ఉంది, కానీ అప్పుడు నల్లగొండ జిల్లా జనగామ తాలూకా. అంటే కడవెండి కాగితం నల్లగొండ కట్టలో వెతకాలి. సూర్యాపేట, భువనగిరి వాళ్లకూ ఇంతే, 2016 జిల్లాలను మరిచిపోండి. ఇంగ్లిష్‌లో వెతికేటప్పుడు స్పెల్లింగు రెండు మూడు రకాలుగా మార్చి కొట్టాలి, ఆ కాలపు గుమస్తా తనకు వినబడినట్టు రాసుకున్నాడు మరి.

ఇక తారీఖులు. నిజాం సర్కారు కాగితాల మీద ఫస్లీ సంవత్సరం ఉంటుంది. హైదరాబాద్ ఫస్లీ సంవత్సరం అక్టోబరు మొదటి వారంలో, ఆజుర్ నెలతో మొదలయ్యేది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అయితే ఫస్లీకి 590 కలపండి, జనవరి నుంచి తర్వాతి అక్టోబరు దాకా అయితే 591. ఆ లెక్కన కొమరయ్య చనిపోయిన 1946 జులై 1355 ఫస్లీలో పడుతుంది. ఈ ఒక్కటి తెలియక మా మేనకోడలు రిజిస్టర్లో 1355 చూసి "ఇదేదో కాకతీయుల తర్వాతి కాలంది మామా" అని మూసేసింది. నవ్వొచ్చింది గానీ నేనూ మొదట్లో అదే చేశాను.

హైదరాబాద్‌లో మొదట పోవాల్సింది తార్నాక స్టేట్ ఆర్కైవ్స్. నల్లగొండ బస్సు దిగేది ఎల్బీ నగర్‌లో అయితే ఉప్పల్ మీదుగా పోవచ్చు. మొగలుల కాలపు ఫార్సీ కాగితాల దగ్గర్నుంచి నిజాం శాఖల ఫైళ్ల దాకా అక్కడున్నాయి. పోయే ముందు ఫోన్ చేసి, కాలేజీ నుంచి ఏ అంశం, ఏ కాలం అని స్పష్టంగా రాయించిన లెటర్, ఆధార్ జిరాక్సు పట్టుకుపోండి. నేను మొదటిసారి ఒక చోటికి రెండో శనివారం పోయి తాళం చూసి వచ్చాను, రెండోసారి లెటర్ లేక వెనక్కి వచ్చాను, రానూపోనూ బస్సు ఖర్చు, రెండు రోజులు దండగ. పెన్ను కాదు, పెన్సిల్ తీసుకోండి. ఫోటోలు తీయొచ్చా అని అడగకుండా ఫోన్ బయటకు తీయకండి. ఫైల్ చేతికి రాగానే చదవడం మొదలుపెట్టొద్దు, ముందు శాఖ పేరు, ఫైల్ నంబరు, ఫస్లీ సంవత్సరం రాసుకోండి. ఇంటికొచ్చాక "ఎక్కడో చూశానే" అంటే ఏ గైడూ ఒప్పుకోడు.

ఉర్దూ రాదు కదా అని చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆగొద్దు. పాత సేత్వార్లు, పహాణీలు (ఉర్దూలో ఉన్న భూమి రికార్డులు) చదివి చెప్పేవాళ్లు మన తహసీల్ ఆఫీసుల చుట్టుపక్కల ఇంకా ఉన్నారు, భూముల తగాదాల పుణ్యమా అని వాళ్లకు పని తగ్గలేదు. నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదివిన పెద్దాయన మీ వాడలోనే ఉండొచ్చు. మొత్తం ఫైల్ అనువాదం అడగకండి, పై పేజీలో విషయం, తారీఖు, ఎవరు ఎవరికి రాశారు, ఈ మూడూ చదివించుకుంటే ఆ ఫైల్ మీకు పనికొస్తుందో లేదో తేలిపోతుంది.

ఇంట్లో కూర్చుని చేసే పని అభిలేఖ్ పటల్‌తో మొదలుపెట్టండి. అది ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల సైటు, రిజిస్టర్ చేసుకుంటే స్కాన్ చేసిన ఫైళ్లు అక్కడే చూడొచ్చు. 1947 నుంచి 51 దాకా హైదరాబాద్ వ్యవహారం చూసింది సర్దార్ పటేల్ కింద ఉన్న స్టేట్స్ మంత్రిత్వ శాఖ, కాబట్టి ఆ శాఖ పేరు పెట్టి వడకట్టండి. ఒక చేదు మాట: స్కాన్ చేయనివి కేటలాగులో పేరు మాత్రం కనిపిస్తాయి. ఆ పేర్లు కూడా రాసి పెట్టుకోండి, ఢిల్లీ పోయే స్నేహితుడు ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతాడు.

కమ్యూనిస్టు పార్టీ వైపు మాట కావాలంటే బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం. అక్కడ పెద్ద ఉర్దూ సేకరణ ఉండేది, 2000 ఆగస్టు వరదల్లో నీళ్లు దూరి చాలా దెబ్బతింది. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో పోరాటం మీద రాసిన పెద్ద పుస్తకం దళాల పేర్లకు, ఊర్ల పేర్లకు డైరెక్టరీలాగా పనికొస్తుంది, అయితే అది నాయకుడు రాసుకున్న లెక్క అన్న సంగతి మనసులో ఉంచుకోండి. ఢిల్లీ సర్కారు 1948లో వేసిన శ్వేతపత్రమూ అంతే, సైన్యం ఎందుకు దిగాలో చెప్పడానికి రాసింది. ఈ రెంటితో పూర్తిగా తెలియనిది పోలీస్ యాక్షన్ తర్వాత ముస్లిం కుటుంబాల మీద జరిగిన హింస. దానికి నెహ్రూ సర్కారు పంపిన సుందర్‌లాల్ కమిటీ రిపోర్టు చూడాలి. 1948 చివర్లో తిరిగి చూసి రాసిన ఆ రిపోర్టు 2013లో గానీ అందరికీ అందుబాటులోకి రాలేదు, ఢిల్లీ నెహ్రూ మెమోరియల్ లైబ్రరీలో, అంటే ఇప్పటి ప్రధానమంత్రుల మ్యూజియంలో. మన పక్కింటి వాళ్ల కథ కూడా ఇదే ఐదేళ్లలో ఉంది, దాన్ని వదిలేసి ప్రాజెక్టు రాస్తే సగమే రాసినట్టు.

పత్రికలకు ప్రెస్ అకాడమీ ఆర్కైవ్స్ సైటు ఉంది, ఆంధ్రపత్రిక లాంటి పాత సంచికలు స్కాన్ చేసి పెట్టారు. నిజాం రాజ్యంలో రాయలేనిది బయటి పత్రికలు రాశాయి, అందుకే హైదరాబాద్ వార్తకు మద్రాసు, బెజవాడ పత్రికలు చూడాలి. లోపల ఉండి రాసిన షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో చంపేశారు మరి. పాత తెలుగు పుస్తకాలకు ఇంటర్నెట్ ఆర్కైవ్, ఉర్దూ పుస్తకాలకు రేఖ్తా సైటు.

ఆడవాళ్ల మాట ఫైళ్లలో దాదాపు దొరకదు. స్త్రీ శక్తి సంఘటన వాళ్లు ఆ కాలపు మహిళలతో మాట్లాడి 1986లో తెచ్చిన "మనకు తెలియని మన చరిత్ర" తప్పకుండా పట్టుకోండి. పోరాటంలో దళ నాయకురాలు మల్లు స్వరాజ్యం 2022లో పోయారు, ఇక ఆ తరం నోట వినే అవకాశం రోజురోజుకూ తగ్గిపోతోంది.

విన్నది సరిచూసుకోవడానికి ఒక చిన్న ఉదాహరణ. 1952 లోక్‌సభ ఎన్నికల్లో పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డికి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లు వచ్చాయని మన దగ్గర చిన్న పిల్లాడు కూడా చెప్తాడు. నిజమేనా? ఎన్నికల సంఘం సైటులో మొదటి ఎన్నికల రిపోర్టు ఉచితంగా ఉంది, దింపుకుని చూడండి: రావి నారాయణరెడ్డివి 3,09,162, నెహ్రూవి 2,33,571. నిజమే. అదే పేజీలో నల్లగొండ ఇద్దరు సభ్యుల స్థానమని, రావి నారాయణరెడ్డి పోటీ చేసింది పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) తరఫున అని కూడా తెలుస్తుంది, వాట్సాప్‌లో తిరిగే మాటలో ఈ రెండూ ఉండవు. దొరల భూముల లెక్కలకూ ఇదే పద్ధతి. లక్ష ఎకరాలు, లక్షన్నర ఎకరాలు అని ప్రతి ఒక్కరూ రాస్తారు. మీ ఊరు ఒక్కటి తీసుకుని 1954-55 ఖాస్రా పహాణీ నకలు తీయించి సర్వే నంబర్ల వారీగా కూడండి. ఆ లెక్క చిన్నదే కావచ్చు, కానీ అది మీ సొంత లెక్క.

మ్యూజియాల సంగతి తొందరగా చెప్పేస్తా. నల్లగొండ పానగల్లు మ్యూజియం, మహబూబ్‌నగర్ పిల్లలమర్రి మ్యూజియం మంచివే, కానీ వాటిలో ఉన్నవి శిల్పాలు, శాసనాలు, ఈ పనికి కాదు. ఈ పనికి మ్యూజియం అంటే ఊరే. చిట్యాల దగ్గర గుండ్రాంపల్లి స్తూపం, కడవెండి స్తూపం, సిద్దిపేట వైపు బైరాన్‌పల్లి బురుజు. పాలమూరు వాళ్లు ఆత్మకూరు దగ్గర అప్పంపల్లికి పోండి, 1947లో కాల్పులు జరిగిన ఊరు. కొన్ని ఇళ్లలో ట్రంకు పెట్టెలో జైలు సర్టిఫికెట్, పెన్షన్ దరఖాస్తు, తామ్రపత్రం ఇంకా ఉంటాయి. "ఇస్తారా, జిరాక్సు తీసి తెస్తా" అని అడగొద్దు. వాళ్ల అరుగు మీదే, వాళ్ల ముందే ఫోటో తీసుకుని పెట్టెలో పెట్టించి రండి. స్తూపాల మీద చెక్కిన పేర్లు మిట్ట మధ్యాహ్నం ఫోటోలో కనబడవు. పొద్దున్నే ఎండ పక్కనుంచి పడేటప్పుడు తీయండి, సున్నం పూతలు పడి పూడిపోయిన అక్షరాలు కూడా నీడతో తేలుతాయి.