మొబైల్ యాప్ పాఠాలు – 4: బైట్లను చదవగలిగే సైజుగా చూపడం

గత పాఠంలో ఫైల్ సైజును లాంగ్‌లో (64 బిట్ల పూర్ణాంకంలో) తీసుకున్నాం. దాన్ని ఇంట్‌లోకి (32 బిట్ల పూర్ణాంకంలోకి) మార్చకండి. 2,14,74,83,647 బైట్లు దాటగానే విలువ నెగెటివ్ అయిపోతుంది.

ముందు తేల్చుకోవాల్సింది: భాగించేది 1000తోనా, 1024తోనా? 64 జీబీ కార్డు అంటే తయారీదారు లెక్కలో 6,400 కోట్ల బైట్లు. 1024తో మూడుసార్లు భాగిస్తే 59.6 వస్తుంది. దాని పక్కన కూడా జీబీ అనే రాస్తే, మిగతా చోటు ఏమైందని యూజర్ అడుగుతాడు. ఆండ్రాయిడ్‌లో రెడీమేడ్‌గా ఉన్న ఫార్మాట్‌ఫైల్‌సైజ్ ఫంక్షన్ ఆండ్రాయిడ్ 8.0 వెర్షన్ నుంచి 1000నే వాడుతోంది, అంతకుముందు 1024 వాడేది. అంటే ఒకే ఫైలు పాత ఫోన్‌లో ఒకలా, కొత్త ఫోన్‌లో ఇంకోలా కనిపిస్తుంది. ఐఓఎస్‌లో అదే పని చేసే బైట్‌కౌంట్‌ఫార్మాటర్‌కి, ఏ లెక్క వాడాలో చెప్పే కౌంట్‌స్టైల్‌ను 'ఫైల్' అని ఇస్తే 1000 లెక్కే. అన్ని ఫోన్లలో ఒకేలా రావాలంటే సొంత ఫంక్షన్ రాసుకోవడమే మేలు.

1000 లోపు ఉంటే దశాంశం లేకుండా బైట్లుగానే చూపండి. ఆపైన:

విలువ = బైట్లు / 1000.0
స్థానం = 0
విలువ >= 999.95, స్థానం < 3 ఉన్నంతసేపు:
    విలువ = విలువ / 1000
    స్థానం = స్థానం + 1

స్థానం 0 అయితే కేబీ, తర్వాత వరసగా ఎంబీ, జీబీ, టీబీ. మొదటి వరసలో ఆ '.0' మరిస్తే పూర్ణాంక భాగహారం జరిగి 1,536 బైట్లు 1.0 కేబీ అయిపోతుంది.

హద్దు 1000 కాకుండా 999.95 ఎందుకంటే, ఎక్కువమంది తప్పేది సరిగ్గా ఇక్కడే. 9,99,999 బైట్లు అంటే 999.999 కేబీ. హద్దు 1000 అని పెడితే, అది అంతకన్నా తక్కువే కాబట్టి లూప్ ఆగిపోతుంది. తర్వాత ఒక దశాంశానికి సవరించేసరికి తెర మీద '1000.0 కేబీ' పడుతుంది. సవరించాక 1000 అయ్యే విలువను ముందే పై యూనిట్‌కి పంపేయాలి.

తయారైన స్ట్రింగ్‌ను డేటాబేస్‌లో దాచకండి. సార్ట్ చేస్తే '10.0 ఎంబీ' వచ్చి '9.8 ఎంబీ' కన్నా ముందు కూర్చుంటుంది. బైట్లనే దాచి, చూపించేటప్పుడు మాత్రమే మార్చండి. డౌన్‌లోడ్‌లో సర్వర్ సైజు చెప్పకపోతే చాలా లైబ్రరీలు -1 ఇస్తాయి. ఫంక్షన్ మొదట్లోనే దాన్ని పట్టుకుని 'సైజు తెలియదు' అని చూపండి.

అభ్యాసం: 0, 999, 1000, 9,99,949, 9,99,950, -1 ఇచ్చి చూడండి. వరసగా 0 బైట్లు, 999 బైట్లు, 1.0 కేబీ, 999.9 కేబీ, 1.0 ఎంబీ, 'సైజు తెలియదు' రావాలి.