డ్యామ్ కింద ఏరు ఎంత మారిందో మీరే కొలిచి చూడండి

వైజాగ్‌లో మనం తాగే నీళ్లలో కొంత తాటిపూడి నుంచే వస్తుంది. ఆ రిజర్వాయరు దాటాక గోస్తని ఏరు ఎలా ఉందో చూసినవాళ్లు మాత్రం తక్కువ. ఒక బండి, ఒక డిజిటల్ థర్మామీటర్, నాలుగు ఖాళీ సీసాలు ఉంటే చూసొచ్చు.

ముందు లోపల జరిగేది తెలియాలి. ఎండాకాలంలో పైనీళ్లు వేడెక్కి తేలికవుతాయి, అడుగునీళ్లు చల్లగా, బరువుగా కిందే పడి ఉంటాయి, రెండూ సరిగ్గా కలవవు. మన దగ్గర పైకీ కిందకీ తేడా కొద్ది డిగ్రీలే కదా అనుకోకండి. నీళ్లు 28 నుంచి 29 డిగ్రీలకు వెళ్తే తేలికయ్యేది, 10 నుంచి 11కి వెళ్లినప్పటికి దాదాపు మూడు రెట్లు, కాబట్టి వేడి ప్రాంతంలో ఆ కొద్ది తేడా చాలు. అడుగున కుళ్లే ఆకూ అలమా అక్కడి ఆక్సిజన్‌ని తినేస్తాయి, అది అయిపోయాక బురదలోని ఇనుము, మాంగనీసు నీళ్లలోకి కరుగుతాయి, కుళ్లిన గుడ్డు వాసన మొదలవుతుంది.

అందుకే వెళ్లగానే లస్కర్‌ని, అంటే డ్యామ్ గేట్లు, తూములు చూసుకునే మనిషిని, అడగాల్సిన మొదటి ప్రశ్న: ఈరోజు ఏట్లోకి నీళ్లు అసలు వదిలారా, వదిలితే తూము నుంచా, గేట్ల పైనుంచా? తూము అడుగున ఉంటే వచ్చేది ఆ చల్లటి, ఊపిరాడని నీరు. పైనుంచి పొర్లితే ఎండకు కాగిన నీరు. అమెరికాలో కొలరాడో నది మీద గ్లెన్ కాన్యన్ డ్యామ్ 1963లో నీళ్లు ఆపడం మొదలుపెట్టింది. అంతకుముందు ఎండాకాలంలో 25 డిగ్రీలు దాటే నది, ఆ తర్వాత దశాబ్దాల పాటు ఏడాదంతా 10 డిగ్రీల అటూ ఇటూ ఉండిపోయింది, ఎందుకంటే నీళ్లు తీసేది లోతు నుంచి. ఇక నీళ్లే వదలని రోజైతే, మీరు కొలిచేది ఇసుక గుంటల్లో ఊరిన ఊటనీరు. ఆ రోజు టీ తాగి వచ్చేయడమే మేలు.

ఎక్కడ కొలవాలంటే, రిజర్వాయరులోకి ఏరు వచ్చే చోట ఒకటి, డ్యామ్ కిందే ఒకటి, ఆపైన కిందికి పోతూ రెండు మూడు. పైది మానేయకండి. గోస్తని బొర్రా గుహల సున్నపురాయి దగ్గర్నుంచి వస్తుంది, నీళ్ల గట్టితనం, అంటే వాటిలో కరిగిన సున్నం, అక్కడిదో డ్యామ్‌దో పైనుంచి చూస్తేనే తేలుతుంది. తగరపువలస దాటి భీమిలి వైపు పోతే టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) ఒక్కసారిగా పెరగొచ్చు, అది సముద్రం పోటు మహిమ, డ్యామ్ మీదకు నెట్టకండి.

ప్రతిచోటా రెండుసార్లు చూడాలి, తెల్లవారకముందు, మళ్లీ మధ్యాహ్నం రెండుకి. అసలు కిటుకు ఇక్కడే ఉంది. మామూలు ఏరు పగలు వేడెక్కి రాత్రి చల్లబడుతుంది, తూము కింద ఏరు మాత్రం పొద్దునా మధ్యాహ్నం దాదాపు ఒకేలా ఉంటుంది, కిందికి పోయేకొద్దీ ఆ ఊగిసలాట తిరిగొస్తుంది. ఎన్ని కిలోమీటర్లకు తిరిగొచ్చిందో రాసుకుంటే డ్యామ్ ప్రభావం ఎంతదూరం ఉందో తెలిసిపోతుంది. ఒక్క మధ్యాహ్నం రీడింగ్‌తో తీర్పు చెప్పేవాళ్లని నేను నమ్మను, మొదట్లో నేనూ అదే చేశాను. పైగా థర్మామీటర్‌ని నీళ్లలోంచి తీసి చూసేవాడిని, తడి మొన గాలికి చల్లబడి అంకె తగ్గిపోయేది. మొన నీళ్లలో ఉండగానే చదవండి, ఒడ్డున నిలవ నీళ్లలో కాకుండా పారే చోట. ఇంటి దగ్గరే ఐసు ముక్కల నీళ్లలో పెట్టి సున్నా చూపిస్తుందో లేదో చూసుకోండి.

నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలవడానికి మీటర్ లేకపోతే టెస్ట్ కిట్ చాలు. సీసాని నీళ్లలో ముంచి, బుడగ మిగలకుండా నింపి, లోపలే మూత పెట్టాలి. 20 డిగ్రీల నీళ్లు లీటరుకు 9 మిల్లీగ్రాములు పట్టగలవు, 30 డిగ్రీలవి ఏడున్నరే. అంటే చల్లటి నీళ్లలో ఎక్కువ ఉండాలి. చల్లగా ఉండీ తక్కువ ఉంటే అది రిజర్వాయరు అడుగు నీరేనని గట్టిగా అనుమానించొచ్చు. మన దేశంలో స్నానానికి పెట్టిన హద్దు కనీసం 5. నీళ్లు గట్టిగా దూకి నురగలెత్తే చోట కొలిస్తే గాలి కలిసి అంకె బాగుంటుంది, మోసపోకండి, కాస్త కిందకు రండి.

గేట్లకు దిగువన ఏట్లోకి దిగొద్దు, సైరన్ మోగాక పరిగెత్తే టైముండదు. ఒడ్డునుంచే తాడుకి బకెట్ కట్టి తోడి, నీడలో వెంటనే చూడండి.

చివరిగా ఒక సీసా నింపి మూత వదులుగా పెట్టి ఇంట్లో కిటికీలో ఉంచండి. ఒక తూము దగ్గర నేను పట్టిన నీళ్లు అద్దంలా ఉన్నాయి, టీడీఎస్ పెన్ను కూడా బాగానే చూపించింది. మర్నాడు పొద్దున చూస్తే అడుగున ఎర్రమట్టి రంగు పొర. కరిగిన ఇనుము గాలి తగిలి తుప్పై దిగిపోయింది.