ఒంటారియోలో చేపల వేట లైసెన్స్: దరఖాస్తుకు ముందు తేల్చుకోవాల్సినవి

కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో, టొరంటో నుంచి దాదాపు 1,300 కి.మీ. కారు నడిపితే నిపిగాన్ ఊరు వస్తుంది. దానికి ఉత్తరాన ఉన్న నిపిగాన్ సరస్సు పూర్తిగా ఒంటారియో లోపలే ఉన్న సరస్సుల్లో అన్నిటికన్నా పెద్దది. 1916లో నిపిగాన్ నదిలో పడిన పద్నాలుగున్నర పౌండ్ల బ్రూక్ ట్రౌట్ చేప ఇప్పటికీ ప్రపంచ రికార్డే. అంత దూరం వెళ్లాక లైసెన్స్ గురించి టెన్షన్ పడేకన్నా ఇంట్లో కూర్చుని తీసుకోవడం మేలు. దారిలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు.

దరఖాస్తు పది నిమిషాల పని. తప్పు జరిగేది ఎవరు ఏ కోవలోకి వస్తారన్న దగ్గరే. మీ ఇల్లు ఒంటారియోలో ఉండి, గత 12 నెలల్లో వరుసగా 6 నెలలు ఇక్కడే ఉంటే మీరు ఒంటారియో నివాసి. అడిగేది నివాసం, పౌరసత్వం కాదు. కాబట్టి వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్లూ ఇందులోకే వస్తారు. కెనడాలో నివసించే వాళ్లలో 18 ఏళ్ల లోపువారికి, 65 నిండినవారికి లైసెన్స్ కొనక్కర్లేదు. పేరు, పుట్టిన తేదీ ఉన్న గుర్తింపు కార్డు దగ్గరుంటే చాలు.

మనవాళ్లు పొరబడేది ఇక్కడే. మూడు నెలలు ఉందామని విజయవాడ నుంచి వచ్చిన నాన్నగారికి 70 ఏళ్లున్నా ఆ మినహాయింపు లేదు. ఆయన గాలం పట్టుకోవాలంటే విదేశీ సందర్శకుల లైసెన్స్ తీసుకోవాల్సిందే. ఒక రోజుది, 8 రోజులది, ఏడాదిది దొరుకుతాయి. ఏడాదిలో కొన్ని వారాంతాల్లో ఇచ్చే ఉచిత వేట కూడా కెనడా నివాసులకే.

హంట్ అండ్ ఫిష్ ఒంటారియో సైట్‌లో ఖాతా తెరిచి, ముందు అవుట్‌డోర్స్ కార్డు (వేటకు, చేపలు పట్టడానికి రాష్ట్రం ఇచ్చే గుర్తింపు కార్డు), దాంతోపాటే ఫిషింగ్ లైసెన్స్ కొనాలి. కార్డు మూడు క్యాలెండర్ సంవత్సరాలు పనిచేస్తుంది. ఒక్క రోజు లైసెన్స్‌కి కార్డు అక్కర్లేదు. ఏడాది లైసెన్స్ డిసెంబర్ 31తో అయిపోతుంది, నవంబర్‌లో కొంటే డబ్బు దండగ. ఆన్‌లైన్ వద్దనుకుంటే కొన్ని సర్వీస్ ఒంటారియో (ప్రభుత్వ సేవల) కేంద్రాల్లో, లైసెన్స్ అమ్మే దుకాణాల్లో తీసుకోవచ్చు. డబ్బు కట్టాక వచ్చే లైసెన్స్ సమ్మరీని ప్రింటుగానో ఫోన్‌లోనో వెంట ఉంచుకోండి. వేట నిబంధనలు అమలుచేసే కన్జర్వేషన్ ఆఫీసర్ అడిగితే చూపించాలి.

స్పోర్ట్ అనీ, కన్జర్వేషన్ అనీ రెండు రకాలుంటాయి. రెండోది చవక, కానీ ఉంచుకోగలిగే చేపలు తక్కువ. నిబంధనల పుస్తకంలో ‘ఎస్-4, సి-2’ అని కనబడితే స్పోర్ట్ వాళ్లకు నాలుగు, కన్జర్వేషన్ వాళ్లకు రెండు అని అర్థం. పట్టి వదిలేసే సరదా అయితే కన్జర్వేషన్ సరిపోతుంది. చేపల వేట నిబంధనల కోసం రాష్ట్రం 20 మండలాలుగా ఉంది, నిపిగాన్ సరస్సు 6వ దాంట్లో. ఏ చేపకు ఏ సీజన్, ఎంత పొడవు అన్నది పుస్తకంలో ఆ మండలం పేజీలోనే చూడాలి. ఆ సరస్సుకే విడిగా పెట్టిన మినహాయింపులూ అక్కడే ఉంటాయి.

ఇక పులుసు సంగతి. ఒడ్డునే చేపను ముక్కలు కోసి డబ్బాలో వేసుకుని కారెక్కడం మనకు అలవాటు. ఇక్కడ అది నేరం కావచ్చు. ఇంటికి తెచ్చే చేపలు ఎన్నో లెక్కపెట్టేలా, ఏ జాతో గుర్తుపట్టేలా ఉండాలి. పొడవు పరిమితి ఉన్న చేపైతే కొలవడానికీ వీలుండాలి. పులుసు ముక్కలు ఇంటికొచ్చాకే.

టెంటు వేసుకునే ఆలోచన ఉంటే ఇంకో లెక్క ఉంది. క్రౌన్ ల్యాండ్‌లో, అంటే ప్రభుత్వ భూమిలో, కెనడా నివాసులు ఒకే చోట ఏడాదిలో 21 రోజుల దాకా ఉచితంగా ఉండొచ్చు. కానీ ఇక్కడ నివాసి అంటే కెనడా పౌరుడు, లేదా గత 12 నెలల్లో 7 నెలలు కెనడాలో ఉన్నవాడు. ఆరు కాదు, ఏడు. ఆ లెక్కకు అందనివాళ్లు మనిషికి రాత్రికి ఇంత అని కట్టి విడిగా క్యాంపింగ్ పర్మిట్ తీసుకోవాలి. అంటే నాన్నగారికి రెండు కాగితాలు.